అరవై దాటాక అలిపిరి మెట్లెక్కే ముందు

మెట్లదారిలో ఎవరో కుప్పకూలారని వార్త వచ్చిన ప్రతిసారీ గుండె గురించే మాట్లాడుకుంటాం. అరవై దాటినవారు, బీపీ, సుగర్, గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన రావడం మంచిది కాదని టీటీడీ కూడా చెబుతోంది. అయినా మొక్కు మొక్కే. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు కాబట్టి, ఎవరూ పట్టించుకోని సంగతి చెప్పాలి: పరగడుపున సుగర్ మాత్ర.

దర్శనమయ్యేదాకా పచ్చిమంచినీళ్లు కూడా ముట్టరు. మాత్ర మానకూడదుగా అని గ్లిమెపిరైడ్ అనే సుగర్ మాత్రను మాత్రం మింగేస్తారు. తిన్నా తినకపోయినా ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. అటు తొడ కండరాలు రక్తంలోని చక్కెరను లాగేస్తుంటాయి. 70కి దిగువకు పడితే చెమట, వణుకు, కళ్లు బైర్లు. మెట్లెక్కితే చెమట పట్టదా అని సరిపెట్టుకుంటారు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవారికి గుండెదడ కూడా తెలియకపోవచ్చు. మాట తడబడేదాకా పక్కవాళ్లకూ అనుమానం రాదు.

ఉపవాసమైతే మెట్లు వద్దు, మెట్లైతే ఉపవాసం వద్దు. ఆ రోజు మోతాదు ఎంతో వారం ముందే డాక్టర్‌ని అడగండి, సొంతంగా మానేయకండి. ఇన్సులిన్ తొడకు కాదు, పొట్టకు: పనిచేసే కండరం దగ్గర పొడిస్తే మందు తొందరగా రక్తంలో కలుస్తుంది.

గ్లూకోజు పొడి జేబులో ఉండాలి. లగేజీ కౌంటర్‌లో ఇచ్చిన సంచి మీకంటే ముందే కొండపైకి పోతుంది. వణుకు మొదలైతే కూర్చోండి, మూడు నిండు చెంచాలు నీళ్లలో కలిపి తాగండి, పావుగంట ఆగండి. తగ్గకపోతే మళ్లీ అంతే. తేరుకున్నాక ఏదైనా తినండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి.

అలిపిరి దారి 3550 మెట్లు, గాలిగోపురం దాకా నిటారు. శ్రీవారి మెట్టు 2388, దగ్గరిదారి కదా అని మోసపోవద్దు, ఆ కాస్త దూరంలోనే ఎత్తంతా ఎక్కాలి. మాట్లాడుతూ ఎక్కలేకపోతే వేగం ఎక్కువైనట్టే. ఛాతీ, దవడ, ఎడమచెయ్యి లాగితే గ్యాస్ అనుకోకండి, ఆగి 108కి ఫోన్ చేయండి. బీపీ మాత్ర మానొద్దు. అరికాళ్లలో స్పర్శ లేదా, బస్సెక్కండి, బొబ్బ లేచినా మీకు తెలియదు. ఒంటరిగా వద్దు. ఎండెక్కాక వద్దు. దిగేటప్పుడు బస్సే, మోకాళ్లు అరిగేది దిగేటప్పుడే. క్యూలోకి వెళ్లేముందు తినండి, అక్కడ గంటలు పట్టొచ్చు. మళ్లీ చెబుతున్నా, పరగడుపున ఆ సుగర్ మాత్ర వేసుకుని మొదటి మెట్టు కూడా ఎక్కొద్దు. ఆ రాత్రి నిద్రలోనూ చక్కెర పడిపోవచ్చు. పడుకునేముందు వేలు గుచ్చి చూసుకోండి, 100 లోపుంటే ఏదైనా తిని పడుకోండి.