టర్కీ కోడి వేట పాఠాలు – 3వ భాగం: సీజన్ తెరవకముందే పుంజు ఆచూకీ తీయడం

గత పాఠంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన ఉన్న ఓజార్క్ గుట్టల మ్యాపు ముందు పెట్టుకుని గట్లు, లోయలు, కలప లారీలు తిరిగిన పాత బాటలు, చెట్లు లేని గడ్డి నేలలు గుర్తించాం. ఇప్పుడు ఆ మ్యాపుతో అడవిలోకి దిగుదాం. తుపాకీ తేవద్దు. బైనాక్యులర్స్, దిక్సూచి, చిన్న టేపు, నోటుబుక్కు, ఎర్ర వెలుతురు ఇచ్చే హెడ్‌ల్యాంప్ చాలు.

మిస్సోరీలో వసంతకాలపు టర్కీ సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది. పుంజును గానీ, రొమ్ము మీద గడ్డం (వెంట్రుకల్లా వేలాడే ఈకల కుచ్చు) కనిపించే పక్షిని గానీ మాత్రమే కాల్చాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి అనుమతి ఉంటుంది. కాబట్టి ఆ వేళకే పుంజు రాత్రి ఎక్కడ బస చేసిందో, చెట్టు దిగాక ఏ దారిన పోతుందో మీకు తెలిసి ఉండాలి. రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు. బస చెట్టు దొరికిందని సంబరపడి దాని దగ్గరే కూర్చుంటారు, పుంజు అవతలి వైపు దిగి తన దారిన తాను పోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫిబ్రవరిలో మొక్కజొన్న చేను అంచున పెద్ద గుంపు మేస్తుంటే చూసి, ఏప్రిల్‌లో సరిగ్గా అక్కడే మాటు వేయడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. చలికాలంలో టర్కీలు తిండి ఉన్నచోట గుంపులుగా బతుకుతాయి. పగటి పొద్దు పెరిగేకొద్దీ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆ గుంపులు విడిపోతాయి. పెట్టలు గుడ్లు పెట్టడానికి వీలైన గుబుర్ల వైపు చెదిరిపోతాయి, పుంజులు వాటి వెంట పోతాయి. చలికాలపు చోటుకీ వసంతకాలపు చోటుకీ మధ్య మైలు, ఒక్కోసారి అంతకు మించిన దూరం ఉంటుంది. ఆ ప్రాంతంలో పక్షులు ఉన్నాయా లేవా అన్నంతవరకే ఫిబ్రవరి సమాచారం పనికొస్తుంది. మార్చి మధ్యలో వినడం మొదలుపెట్టండి. ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో రాసుకున్నదాని మీదే అసలు ఆధారపడండి.

చెవులే ముందు

రోలా ఊరి పరిసరాల్లో మార్చి మధ్యలో సూర్యోదయం సుమారు 7:15కు, ఏప్రిల్ 20 నాటికి సుమారు 6:25కు. మొదటి కూత సూర్యోదయానికి ఇంచుమించు 40 నిమిషాల ముందు వినిపిస్తుంది. మీరు గంట ముందే వినే చోట ఉండాలి. ఆ చోటు గట్టు మీద ఉండాలి, లోయలో కాదు. లోయలో పక్క గుట్ట అవతలి కూత వినపడదు, వాగు చప్పుడు ఉంటే దగ్గరిది కూడా మునిగిపోతుంది.

కారు పావు మైలు ఇవతలే ఆపి, తలుపు నెమ్మదిగా మూయండి. ఉరుము, కారు తలుపు, గుడ్లగూబ అరుపు, ఇలా ఉన్నట్టుండి వచ్చే ఏ చప్పుడుకైనా వసంతంలో పుంజు ఉలిక్కిపడి కూస్తుంది. దాన్ని మనం వాడుకుంటాం గానీ, మనిషి వచ్చాడని చెప్పే చప్పుడుతో కాదు.

ముందు ఏమీ చేయకండి. ఊరికే నిలబడి వినండి. ఓజార్క్ అడవుల్లో బార్డ్ ఔల్ అనే గుడ్లగూబలు బాగా ఉంటాయి, చాలా ఉదయాల్లో అవే మీ పని చేసిపెడతాయి. తూర్పు తెల్లబడుతున్నా అంతా నిశ్శబ్దంగా ఉంటే అప్పుడు ఆ గుడ్లగూబలా ఒకసారి అరవండి. దాని పూర్తి పాట ఎనిమిది స్వరాలు, కానీ మీరు మొదటి నాలుగు గట్టిగా, తెగ్గొట్టినట్టు అరిచి ఆగిపోండి. పుంజు జవాబు చాలాసార్లు మీ అరుపు పూర్తికాకముందే వస్తుంది, పాట సాగదీస్తే ఆ కూత మీ గొంతు కిందే పోతుంది. పొద్దెక్కాక గుడ్లగూబ అరుపు అసహజం, అప్పుడు కాకి అరుపు వాడండి: మూడు పొట్టి అరుపులు, వెంటనే మౌనం.

పెట్టలా మాత్రం పిలవకండి. సీజన్‌కు ముందు పెట్ట పిలుపు విని వచ్చిన పుంజుకు అక్కడ పెట్ట కనబడదు, మనిషి కనబడతాడు. ఆ పాఠం అది మరచిపోదు. సీజన్ తెరిచాక అదే పిలుపు వినిపిస్తే దూరంగా నిలబడి చూస్తుంది, లేదా నోరు మెదపదు. పిలుపు సాధన ఇంట్లోనో కారులోనో చేసుకోండి.

గాలి ఎక్కువగా ఉన్న ఉదయం ఏమీ వినపడకపోతే ఆ చోటును కొట్టేయకండి. గాలి ఆగిన రోజున మళ్లీ వెళ్లండి. దూరం అంచనాలో ఇంకో చిక్కుంది. మార్చిలో చెట్లకు ఆకులుండవు, కూత చాలా దూరం నుంచి కూడా స్పష్టంగా వస్తుంది. ఏప్రిల్ చివరికి ఓక్ చెట్లు చిగురించి అడవి మూసుకుపోతుంది, 150 గజాల్లో ఉన్న పుంజు కూడా చాలా దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. మార్చిలో అలవాటైన చెవితో ఏప్రిల్‌లో నడిస్తే నేరుగా పుంజు కిందికే వెళ్లి లేపేస్తారు.

రెండు గీతలు కలిసే చోటు

కూత వినగానే దిక్సూచితో దాని దిశ డిగ్రీల్లో రాసుకోండి. గట్టు వెంబడి 300 గజాలు జరిగి ఇంకోసారి తీసుకోండి. మ్యాపు మీద రెండు గీతలూ గీస్తే అవి కలిసే చోట బస ఉంటుంది. గీతల మధ్య కోణం 30 డిగ్రీల కంటే తక్కువైతే ఆ లెక్కను నమ్మకండి, దిశలో చిన్న తేడా కూడా దూరాన్ని వందల గజాలు అటూ ఇటూ చేస్తుంది. ఇంకా పక్కకు జరిగి మళ్లీ తీసుకోండి. ఇద్దరున్నప్పుడు చెరో గట్టు మీద నిలబడి, ఒకే కూతకు ఇద్దరూ దిశ తీస్తే అన్నిటికంటే మేలు.

కూతలు వినిపించాయి కదా అని వెంటనే వెనక్కి వచ్చేయకండి. చెట్టు మీది కూత తేటగా మోగుతుంది. నేల మీదికి దిగాక అదే కూత కాస్త మందంగా, పొదల్లోంచి వచ్చినట్టు ఉంటుంది. దిగాక వచ్చే మొదటి రెండు మూడు కూతలకు దిశలు రాసుకుంటే అది నడిచే దారి తెలిసిపోతుంది. కూతలు ఆగిపోయాయంటే పుంజు వెళ్లిపోయిందని కాదు, పక్కన పెట్టలు చేరి ఉండవచ్చు.

ఓజార్క్ పుంజులు రోజూ అదే చెట్టెక్కవు, అదే గట్టు మీది వేరే చెట్టు ఎక్కుతుంటాయి. లోయ వైపు వాలును మూడు భాగాలనుకుంటే అన్నిటికంటే పై భాగంలో, గాలి తక్కువ తగిలేచోట, అడ్డంగా చాచిన కొమ్మలున్న పెద్ద ఓక్, సికమోర్, పైన్ చెట్లు వాటికి ఇష్టం. టెక్సాస్‌లోని రియో గ్రాండే రకం వేరు. అక్కడ పెద్ద చెట్లు వాగుల వెంటే ఉంటాయి కాబట్టి ఏళ్ల తరబడి ఒకే బసకు చేరతాయి. ‘ఏటా అదే బస’ అని డాలస్ మిత్రులు చెప్పే సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా వాడకూడదు.

నేల మీద ఆనవాళ్లు

పక్షులు బస వదిలి దూరంగా మేతకు పోయాక, పదకొండు దాటాక నడవండి. అడుగుజాడలు వాన వెలిసిన మర్నాడు పాత బాటల బురదలో బాగా పడతాయి. మడమ గుర్తు నుంచి మధ్య వేలి కొన దాకా టేపుతో కొలవండి. 4¼ అంగుళాలు దాటితే పుంజు అనుకోవచ్చు. మరీ మెత్తటి బురదలో కాలు జారి గుర్తు సాగుతుంది, అందుకే ఒక్క అడుగు చూసి తేల్చకుండా వరసలో నాలుగైదు కొలవండి. జాడకు రెండు పక్కలా ఇసుకలో సన్నటి గీతలు ఉంటే ఆగండి. పురి విప్పి నడిచేటప్పుడు రెక్కల కొనలు నేలకు రాసుకుని ఏర్పడే గీతలవి. పుంజు పెట్టలకు తనను చూపించుకునే వేదిక ఆ చోటే. మ్యాపు మీద చుక్క పెట్టుకోవలసిన చోట్లలో ఇది మొదటిది.

రెట్టలు చూడండి. ఒక కొన వంగి కొక్కెంలా పొడుగ్గా ఉంటే పుంజువి, సుడి తిరిగి ముద్దలా ఉంటే పెట్టవి. మినహాయింపులుంటాయి గానీ చాలావరకు ఈ గుర్తు నిలుస్తుంది. ఒకే చెట్టు కింద పాతవీ కొత్తవీ కలిసి దట్టంగా ఉంటే అది బస. రొమ్ము ఈక దొరికితే కొన చూడండి: నల్లటి అంచు పుంజుది, గోధుమ రంగు అంచు పెట్టది.

ఇక కెలికిన చోట్లు. పెంటకుప్ప మీద నాటుకోడి కెలికినట్టే టర్కీ కూడా రాలిన ఆకుల్ని కాళ్లతో వెనక్కి తోస్తుంది. ఆకులు కుప్పపడిన వైపు దాని వెనక, బోసిపోయిన నేల ముగిసే వైపు దాని ముందు. వరసగా ఇలాంటివి పది చూస్తే గుంపు ఎటు సాగిందో తెలుస్తుంది. తిరగబడిన ఆకుల అడుగు తడిగా, మట్టి నల్లగా ఉంటే తాజావి. మట్టి ఎండి, పైన వానచుక్కల గుంతలు పడితే పాతవి. ఉడుత తవ్వింది చిన్న గుంట. ఆర్మడిల్లో (ఒంటి మీద గట్టి పెంకు ఉండే చిన్న జంతువు) ముక్కుతో పొడిచింది గరాటులా లోతుగా ఉంటుంది. జింక కెలికితే మట్టిలో గిట్టల గుర్తులు దొరుకుతాయి. ఈ నాలుగూ వేరు చేయలేక జింకల మేత చోట టర్కీల కోసం కూర్చునేవాళ్లు ఏటా ఉంటారు.

ఎండ తగిలే పొడి మట్టిలో తట్టంత వెడల్పు పల్లాలు, అందులో చిన్న ఈకలు కనిపిస్తే అవి టర్కీలు దుమ్ములో పొర్లే చోట్లు. మధ్యాహ్నం అక్కడ ట్రెయిల్ కెమెరా (ఏదైనా కదిలితే తానే ఫొటో తీసేది) మోకాలెత్తున కడితే ఏ వేళకు ఎన్ని వస్తున్నాయో తెలుస్తుంది. ప్రభుత్వ భూమిలో కట్టే ముందు అక్కడి నిబంధన చదవండి.

తొమ్మిది దాటాక

ఒక పెట్ట సాధారణంగా 10 నుంచి 12 గుడ్లు, దాదాపు రోజుకొకటి చొప్పున పెట్టి, సుమారు 28 రోజులు పొదుగుతుంది. గుడ్డు పెట్టే రోజుల్లో పొద్దెక్కాక పుంజును వదిలి గూటికి పోతుంది. అప్పటిదాకా మౌనంగా ఉన్న పుంజు ఒంటరిదై తొమ్మిది, పదకొండు మధ్య మళ్లీ కూయడం మొదలుపెడుతుంది. అందుకే ఏప్రిల్‌లో కనీసం ఒక ఉదయం చీకటితో కాకుండా తొమ్మిదింటికి అదే గట్టు ఎక్కి వినండి. తెల్లవారుజామున పలకని గట్టు ఈ వేళ పలికితే, సీజన్‌లో రెండో విడత కూర్చోవలసిన చోటు అదే.

సుమారు 15 లక్షల ఎకరాల మార్క్ ట్వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో వెతికేవారు ఇతర వేటగాళ్ల కార్లు ఎక్కడ ఆగుతున్నాయో కూడా రాసుకోవాలి. ఒక్క పుంజు మీద ఆశ పెట్టుకోకుండా ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్లు సిద్ధం చేసుకోండి. ప్రైవేటు భూమి అయితే యజమానిని అడిగి, ఒప్పుకున్నాకే కాలు పెట్టండి. ఏప్రిల్ మొదట్లో పిల్లల వేటకు రెండు రోజులు కేటాయిస్తారు. ఆ రోజుల్లో వెతకడం మానేయడమే మంచిది, తప్పదంటే నారింజ రంగు టోపీ పెట్టండి. టర్కీ అడవిలో ఎరుపు, తెలుపు, నీలం బట్టలు ఎప్పుడూ వద్దు, పుంజు తల రంగులు అవే. గోమార్ల బెడద ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుల మందును ముందురోజే బట్టలకు, బూట్లకు కొట్టి ఆరనివ్వండి, ఒంటికి రాయకండి.

లైసెన్సు విషయం మరోసారి. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు సాధారణంగా మిస్సోరీలో హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తిచేయాలి. హెచ్-1బి వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు చేతికి రాకముందు స్నేహితుడి తుపాకీ కూడా పట్టుకోవద్దు.

ఈ విడత అభ్యాసం

గాలి లేని మూడు ఉదయాలు ఎంచుకుని రెండు గట్ల మీద వినండి. ప్రతి కూతకూ తేదీ, సమయం, మీరున్న చోటు, దిశ డిగ్రీల్లో, చెట్టు మీదా నేల మీదా అన్నది, గాలి ఎలా ఉందన్నది ఒకే వరసలో రాయండి. తర్వాత పదకొండు దాటాక ఒకసారి నడిచి బస, కెలికిన చోట్లు, రెక్కల గీతలు మూడింటినీ మూడు రంగుల్లో మ్యాపు మీదికి ఎక్కించండి. బస నుంచి రెక్కల గీతల దాకా పోయే దారి పెన్సిలుతో గీయండి.

నాలుగో భాగంలో ఆ పెన్సిలు గీత మీద ఏ చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలో, బసకు ఎన్ని గజాల ఇవతల ఆగాలో చూస్తాం. మ్యాపు దగ్గర పెట్టుకుని రండి.