రెండు పాస్‌పోర్టులు, ఒక జెర్సీ – 3వ పాఠం: జట్టు మార్పు ఫైలు చదవడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చుదాం. నారాయణపేట నుంచి పనికోసం ఖతార్ పోయిన దంపతుల కొడుకు తొమ్మిదో ఏట అక్కడ దిగాడు, నాలుగేళ్లు ఉన్నాడు. ఖతార్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడొచ్చా? పదేళ్లలోపు వచ్చిన పిల్లలకు మూడేళ్ల నివాసం చాలని ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా నిబంధన ఉంది కాబట్టి ఆడొచ్చనే అనిపిస్తుంది. ఆడకూడదు. ఆ మూడేళ్లు కొత్తగా పౌరసత్వం పొందినవాడు చూపాల్సినవి. ఈ అబ్బాయి దగ్గరున్నది భారత పాస్‌పోర్టు, ఖతార్ వీసా. పౌరసత్వమే లేనప్పుడు నివాసం ఎన్నేళ్లున్నా లెక్కలోకి రాదు.

ఇక ఈసారి పాఠం: ఒక దేశానికి ఇప్పటికే ఆడినవాడు ఇంకో దేశానికి మారొచ్చో లేదో తేల్చడం. దీనికి ఇవ్వాళ అతని చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో చూస్తే సరిపోదు. ఏ తేదీన, ఏ రకం మ్యాచ్ ఆడాడు, ఆ రోజు అతనికి ఏ పౌరసత్వాలు ఉన్నాయి అన్నదే మొత్తం కథ.

నోటుపుస్తకంలో పేజీకి అడ్డంగా అయిదు గడులు గీయండి: తేదీ, జట్టు స్థాయి (అండర్-17, అండర్-20, సీనియర్), పోటీ పేరు, ఆ రోజు వయసు, ఆ రోజు ఉన్న పౌరసత్వాలు. మైదానంలో కాలు పెట్టిన మ్యాచ్‌లే రాయాలి. బెంచీ మీద తొంభై నిమిషాలు కూర్చున్నా గడిలోకి రాదు. ఆఖరి నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగినా వస్తుంది.

తర్వాత పోటీ పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి: అధికారికమా, ఫ్రెండ్లీయా (ఏ పోటీలోనూ భాగం కాని మ్యాచా). ఫిఫా గానీ, ఆసియా, యూరప్, ఆఫ్రికా లాంటి ఖండ సమాఖ్యలు గానీ నడిపేది అధికారికం. వరల్డ్ కప్, యూరో (యూరప్ దేశాల కప్పు), ఆసియా కప్, వాటి క్వాలిఫైయర్లు (అర్హత మ్యాచ్‌లు), యూరప్ నేషన్స్ లీగ్, వీటిలాంటి పిల్లల టోర్నీలు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. క్వాలిఫైయర్ అంటే ఇంకా అసలు టోర్నీ కాదు కదా అని ఫ్రెండ్లీల్లో కలిపేస్తారు. క్వాలిఫైయర్ పక్కా అధికారికం.

పట్టిక పూర్తయ్యాక మూడు దారుల్లో ఒకటి కనిపిస్తుంది.

అధికారిక మ్యాచ్ ఒక్కటీ లేకపోతే ఆ దేశంతో ముడి పడలేదన్నట్టే. డీగో కోస్టా 2013 మార్చిలో బ్రెజిల్‌కు రెండు ఫ్రెండ్లీలు ఆడి, మరుసటి ఏడాదే స్పెయిన్ జెర్సీ వేసుకున్నది ఈ దారినే. డెక్లన్ రైస్ ఐర్లాండ్ సీనియర్ జట్టుకు 2018లో ఆడిన మూడూ ఫ్రెండ్లీలే; అయితే పిల్లల జట్లకు అధికారిక మ్యాచ్‌లు ఆడాడు కాబట్టి అతనిది కింద చెప్పే రెండో దారి. 2019 మార్చిలో ఇంగ్లండ్‌కు దిగాడు. డబ్లిన్‌లో జనానికి మండింది, అది వేరే సంగతి. నిబంధన కోపతాపాలు చూడదు.

పిల్లల స్థాయిలో మాత్రమే అధికారిక మ్యాచ్‌లు ఉంటే రెండో దారి. మొదటి అధికారిక మ్యాచ్ రోజుకే రెండో దేశం పౌరసత్వం కూడా ఉందా? ఉంటే వయసుతో పని లేదు. ఒకప్పుడు 21 ఏళ్లలోపే అడగాలన్న షరతు ఉండేది, దాన్ని 2009లో తీసేశారు. ఆ రోజు లేకపోతే మాత్రం చివరి అధికారిక మ్యాచ్ నాటికి 21 నిండి ఉండకూడదు. పైగా కొత్త దేశంతో బంధం చూపాలి. తాను గానీ, కన్న తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, తాతలు, నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరు గానీ అక్కడ పుట్టి ఉండాలి, లేదా పోయిన పాఠంలో చెప్పిన నివాస కాలం (పదేళ్లలోపు వచ్చినవాడికి మూడేళ్లు, ఆ తర్వాత వచ్చినవాడికి అయిదేళ్లు) నిండాలి.

సీనియర్ అధికారిక మ్యాచ్ పడితే మూడోది, అన్నిటికన్నా ఇరుకు దారి. 2020 సెప్టెంబరు దాకా ఇది దాదాపు మూసే ఉండేది. మునీర్ ఎల్ హద్దాదీ 1995 సెప్టెంబరు 1న పుట్టాడు. 2014 సెప్టెంబరు 8న, పందొమ్మిది నిండిన వారానికి, యూరో క్వాలిఫైయర్‌లో మాసిడోనియా మీద స్పెయిన్ తరఫున ఆఖర్లో దిగాడు. ఆడింది పావుగంట కూడా లేదు. ఆ కొన్ని నిమిషాలే కాళ్లకు సంకెళ్లయ్యాయి. 2018 వరల్డ్ కప్‌కు మొరాకో తరఫున ఆడతానంటే ఫిఫా కాదంది, లుసాన్‌లోని క్రీడా న్యాయస్థానమూ కాదంది. నిబంధన సడలించాకే 2021 మార్చిలో మొరాకోకు ఆడగలిగాడు.

సడలింపు పొందాలంటే అయిదు షరతులూ ఒక్కసారే నెగ్గాలి. మొదటి అధికారిక మ్యాచ్ రోజుకే కొత్త దేశం పౌరసత్వం ఉండాలి. చివరి అధికారిక సీనియర్ మ్యాచ్ నాటికి 21 నిండకూడదు. సీనియర్ మ్యాచ్‌లు మొత్తం మూడు దాటకూడదు. చివరి సీనియర్ మ్యాచ్ ఆడి మూడేళ్లు గడవాలి. వరల్డ్ కప్ లేదా ఖండ స్థాయి ఫైనల్ టోర్నీలో ఎన్నడూ సీనియర్‌గా ఆడి ఉండకూడదు. ఇక్కడో మెలిక ఉంది: ముడి వేసే శక్తి లేని ఫ్రెండ్లీలు కూడా ఈ ‘మూడు మ్యాచ్‌లు’ లెక్కలో కలుస్తాయి. రైస్‌కు ఇది అడ్డం రాలేదు, ఎందుకంటే అతనికి సీనియర్ అధికారిక మ్యాచే లేదు; పది ఫ్రెండ్లీలు ఆడినా మారేవాడే.

ఇప్పుడు మన ఊళ్ల లెక్కకు వద్దాం. నల్లగొండలో పుట్టిన తండ్రి, డల్లాస్‌లో పుట్టిన కొడుకు. కొడుకు అమెరికా పౌరుడు, చేతిలో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది). ఆ కార్డు పౌరసత్వం కాదు, దాంతో భారత జట్టుకు ఆడే వీల్లేదు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐగా నమోదై అయిదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారత్‌లోనే ఉంటే భారత పౌరసత్వానికి అడగొచ్చు, అమెరికాది వదులుకోవాలి. వచ్చాక ఫిఫా లెక్కలో తండ్రి నల్లగొండ పుట్టుక చాలు, అయిదేళ్ల నివాసం అడగరు.

అయితే పట్టికలో అయిదో గడి చూడండి. ఇతను అమెరికా అండర్-20కి క్వాలిఫైయర్ ఆడి ఉంటే, ఆ రోజు భారత పౌరుడు కాదు. కాబట్టి రెండో దారిలో 21 ఏళ్ల గీత వర్తిస్తుంది. అమెరికా సీనియర్ జట్టుకు ఒక్క క్వాలిఫైయర్‌లో ఒక్క నిమిషం ఆడాడా, అంతే సంగతులు. ‘మొదటి మ్యాచ్ రోజుకే రెండో పౌరసత్వం’ అన్న షరతు మనవాళ్లు నెగ్గడం దాదాపు అసాధ్యం. మొరాకోకో ఘనాకో పనికొచ్చే మూడో దారి భారత్‌కు పేరుకే ఉంది. రయన్ విలియమ్స్ అనే ఆటగాడు ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి 2025లో భారత పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఆస్ట్రేలియా సీనియర్ జట్టుకు అతను ఆడింది 2019లో ఒక ఫ్రెండ్లీ. అదే క్వాలిఫైయర్ అయ్యుంటే పాస్‌పోర్టు మార్చుకున్నా లాభం ఉండేది కాదు.

కాగితాల దగ్గర ఇంకో తలనొప్పి. తండ్రి 1970ల్లో ఇంట్లోనే పుట్టి ఉంటే జనన నమోదు ఉండకపోవచ్చు. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది గానీ పుట్టిన ఊరు ఉండదు, మనకు కావాల్సింది ఊరు. అలాంటప్పుడు పంచాయతీ లేదా మున్సిపాలిటీలో నమోదు లేదన్న పత్రం తీసుకుని, మీసేవలో ఆలస్య నమోదుకు పెట్టి, ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాలి. ధ్రువపత్రం చేతికొచ్చాక పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. పాత పాస్‌పోర్టులో ‘గద్వాల, మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అనీ, కొత్త పత్రంలో ‘జోగులాంబ గద్వాల జిల్లా, తెలంగాణ’ అనీ ఉంటుంది. 2014లో రాష్ట్రం, 2016 అక్టోబరులో జిల్లాలు మారిన సంగతి జూరిచ్‌లోని ఫిఫా ఆఫీసులో ఫైలు చూసే మనిషికి ఏం తెలుస్తుంది? రెండూ ఒకే ఊరని చెప్పే చిన్న వివరణ జత చేయాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం: ఇదీ అంతే.

తాతల పత్రాలతో ఆటలాడితే ఏమవుతుందో మలేషియా చూపించింది. విదేశాల్లో పుట్టిన ఏడుగురికి తాతలు మలేషియాలో పుట్టినవారేనని పత్రాలు పెట్టింది. ఫిఫా అసలు రికార్డులు తెప్పిస్తే ఆ తాతలు పుట్టింది వేరే దేశాల్లో. 2025 సెప్టెంబరులో మలేషియా ఫుట్‌బాల్ సంఘానికి 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా, ఆటగాళ్లకు ఏడాది నిషేధం వేసింది.

కాగితాలు సిద్ధమయ్యాక దరఖాస్తు పెట్టేది కొత్త దేశపు ఫుట్‌బాల్ సంఘం. తీర్పు ఇచ్చేది ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌లోని ఆటగాళ్ల హోదా విభాగం. తీర్పు వచ్చేదాకా ఆటగాడు పాత జట్టుకూ కొత్త జట్టుకూ ఆడకూడదు. మారే అవకాశం ఒక్కసారే. ఒక పోటీలో పాత జట్టుకు ఆడి ఉంటే, అదే పోటీలో కొత్త జట్టుకు దిగకూడదు.

తొందరపడి దింపితే? పరాగ్వేలో పుట్టిన నెల్సన్ కబ్రేరా బొలీవియా పౌరుడయ్యాడు కానీ అయిదేళ్ల నివాసం నిండలేదు. 2016 సెప్టెంబరులో 2018 వరల్డ్ కప్ క్వాలిఫైయర్లలో పెరూ మీద, చిలీ మీద ఆఖర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. పెరూ 2–0తో ఓడింది, చిలీకి 0–0 డ్రా. చిలీ ఫిర్యాదు చేస్తే ఫిఫా రెండు మ్యాచ్‌లనూ 3–0తో బొలీవియా ఓటమిగా మార్చింది. చిలీకి అదనంగా రెండు పాయింట్లు, పెరూకు మూడు. చివరికి ఇద్దరికీ 26 పాయింట్లు. గోల్స్ తేడాలో పెరూ పైకి పోయి, ప్లేఆఫ్ గెలిచి 2018 వరల్డ్ కప్ ఆడింది. ఫిర్యాదు లేకుంటే చిలీ 24, పెరూ 23. తాను తవ్విన గోతిలో తానే పడటమంటే ఇదే.

వచ్చే పాఠానికి లెక్క. ఒకడు 2001 మే 10న పుట్టాడు, పుట్టుకతోనే రెండు దేశాల పౌరసత్వం. సీనియర్ పట్టిక: 2021 మార్చి 27 ఫ్రెండ్లీ, సగం ఆట; 2021 సెప్టెంబరు 1 వరల్డ్ కప్ క్వాలిఫైయర్, రెండు నిమిషాలు; 2022 మార్చి 29 ఫ్రెండ్లీ, పూర్తి ఆట; 2022 వరల్డ్ కప్ జట్టులో ఉన్నాడు, మూడు మ్యాచ్‌లూ బెంచీ మీదే. మారొచ్చా? మారగలిగితే ఏ తేదీ నుంచి? అయిదు గడుల పట్టిక గీసి, వయసు సంవత్సరాలు, రోజులతో సహా రాసి చూడండి.