మెడనొప్పికి చైనా కషాయం తాగబోయే ముందు

మేముండేది సింగపూర్‌లో. మొన్న మెడ పట్టేసిందని మా అత్తగారు కింద చైనా మందుల షాపు నుంచి కషాయం పొట్లం తెచ్చుకున్నారు. పేపర్ పరిచి విప్పితే అల్లం, ఎండు రేగుపండ్లు, దాల్చిన పుల్లలు, అతిమధురం కనిపించాయి. "అన్నీ మనవే కదమ్మా" అన్నారు. వాటి మధ్య ఎండుగడ్డి ముక్కల్లా ఉన్నది మాత్రం 'మా హువాంగ్' అనే మూలిక, అంటే ఎఫెడ్రా. అది గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్లను అమెరికా 2004లోనే నిషేధించింది. ఆవిడ రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు. భాష రాక ఆ మాట షాపులో చెప్పలేదు.

ఆ కషాయం పేరు గెగెన్ టాంగ్. హాన్ రాజుల కాలం నుంచీ ఉన్నదే. అయితే అది చలిగాలి తగిలి, జ్వరంతో మెడ బిగుసుకున్నవాళ్లకు ఇచ్చేది. ఎముక అరిగి నరం నొక్కుకుంటే ఆ అరుగుదలను ఏ కషాయమూ సరిచేయదు.

అందుకే ముందు చూసుకోవాల్సింది మెడ సంగతి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతోందా? నడుస్తుంటే కాళ్లు తూలుతున్నాయా? మూత్రం ఆపుకోలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటున్నా వెన్నుపాము నలుగుతోందేమో అని అనుమానించాలి. కషాయం పక్కన పెట్టి వెంటనే డాక్టరును కలిసి ఎమ్మారై సంగతి అడగండి.

నాకు ఎక్కువ భయం వేసేది మన వత్సనాభి జాతి దుంపలంటేనే. నొప్పుల మందుల్లో చువాన్ వు, సావో వు, ఫు జి పేర్లతో కలుపుతారు. శుద్ధి చేయనివి, సరిగా మరగనివి లోపలికి వెళ్తే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మెడ జబ్బులో చేతి తిమ్మిరి ఎలాగూ ఉంటుంది కాబట్టి, విషం ఎక్కి తిమ్మిరి వస్తున్నా అదే అనుకుంటాం. పెదాలు, నాలుక కూడా తిమ్మిరెక్కితే అది మెడ వల్ల కాదు. అర నిమిషం కూడా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు డాంగ్ గుయ్, డాన్ షెన్ అనే మూలికలున్న కషాయాలు తాగొద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. అతిమధురం రోజుల తరబడి తాగితే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. మెడ ఆపరేషన్ ఉంటే కనీసం 2 వారాల ముందే ఈ కషాయాలన్నీ ఆపి, డాక్టరుకు చెప్పండి. గర్భిణులు వీటి జోలికే వెళ్లొద్దు.

లేబుల్ లేని నల్లగోళీలు ఎవరిచ్చినా తీసుకోకండి. ఒక్క రోజులో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి. ఇలాంటి మందుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలిపి దొరికిన సందర్భాలున్నాయి.

సింగపూర్‌లో చైనా వైద్యులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది అడిగి చూడండి. మీరు వాడే మాత్రల పేర్లు కాగితం మీద రాసి చేతికివ్వండి. తాగాక ఒంట్లో ఏ తేడా అనిపించినా ఆ పొట్లం కాగితం, గిన్నెలో మిగిలిన పిప్పి పారేయకుండా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.