ఈదురుగాలికి షామియానా లేచిపోకుండా

షామియానా కూలిందంటే అందరూ ముందు కర్రలనే తప్పుపడతారు. కర్రలు గుడ్డను ఎత్తి పట్టుకుంటాయంతే. గాలికి తట్టుకోవాల్సినవి తాళ్లు, ఆ తాళ్లను పట్టి ఉంచే మేకులు, మేకులు దిగిన నేల. పెళ్లికైనా పెద్దకర్మకైనా టెంటు వేయించేటప్పుడు ఈ మూడింటినీ దగ్గరుండి చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మరీను. పగలంతా ఎండ మాడ్చి, సాయంత్రానికి మబ్బు కమ్మి, ఒక్కసారిగా ఈదురుగాలి లేచే రోజులవి.

గాలి ఎంత బలంగా ఎత్తుతుందో ముందు లెక్క చూడండి. 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవున్న గుడ్డ దాదాపు 60 చదరపు మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల గాలి దాని అడుగున దూరితే సుమారు 450 కిలోల బలంతో పైకి నెట్టగలదు. గాలి 60కి పెరిగితే అది వెయ్యి కిలోలకు చేరుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అందుకే, నిన్నటి గాలికి ఆగింది కదా అన్న ధీమా పనికిరాదు.

ఈ కొలత టెంటుకు 9 అడుగులకొకటి చొప్పున చుట్టూ 12 కర్రలు, నడుమ 3 ఎత్తు కర్రలు పడతాయి. చుట్టూ ఉన్న ప్రతి కర్రకూ ఒక తాడు, నాలుగు మూలల్లో మాత్రం రెండేసి తాళ్లు: మొత్తం 16 తాళ్లు, 16 మేకులు. మూలకు ఐమూలగా ఒకే తాడు కట్టి సరిపెట్టేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. ఆ ఒక్కటీ ఊడితే మూల లేస్తుంది, అక్కడినుంచి గుడ్డంతా ఒలుచుకుపోతుంది.

తాడు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కర్ర ఎత్తు 8 అడుగులైతే మేకు కూడా కర్ర మొదటికి 8 అడుగుల దూరంలో ఉండాలి. అప్పుడు తాడు 45 డిగ్రీల వాలులో నిలుస్తుంది. ముళ్లతో కలిపి ఒక్కో తాడుకు 16 అడుగులు ఉంచుకోండి. నడిచే దారికి అడ్డమని మేకును 3 అడుగుల్లోనే కొడితే తాడు నిటారుగా ఉండి మేకును పైకి పీకుతుంది, కర్రను పక్కకు ఒరగకుండా ఆపలేదు కూడా. అడ్డమనిపించిన తాడుకు ఒక తెల్ల గుడ్డపేలిక కట్టండి, చీకట్లో ఎవరి కాలికీ తగలకుండా కనపడుతుంది.

కర్ర కొన దగ్గర చాలామంది చూడని సంగతి ఒకటుంది. కర్ర తలమీది ఇనప ముల్లు ముందు గుడ్డ రింగులోంచి పైకి రావాలి, ఆ తర్వాత ముల్లుకు తాడు ఉచ్చు తగిలించాలి. ఉచ్చు పైనుంటే గుడ్డను కిందికి అదిమి పడుతుంది. తాడును కర్ర నడుముకు కట్టి వదిలేస్తే ఒక్క విసురుకు రింగు ముల్లు దాటి వచ్చేస్తుంది. తాడూ మేకూ గట్టిగానే ఉన్నా గుడ్డ ఎగిరిపోయేది ఇలాగే. కింద మేకు దగ్గర పీటముడి వేయకండి. తాడును మేకుకు రెండు చుట్లు చుట్టి, కొసను మడిచి జారుముడి వేస్తే అవసరమైనప్పుడు బిగించుకోవచ్చు, ఒక్క లాగుకు విప్పుకోవచ్చు. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది కాబట్టి సాయంత్రం 4 గంటలప్పుడు ఒకసారి అన్నీ బిగించాలి. వదులుగా ఉన్న గుడ్డ టపటపా కొట్టుకుంటూ మేకును కుదిపి కుదిపి వదులు చేస్తుంది.

మేకు 20 మిల్లీమీటర్లకు తగ్గని కడ్డీ, పొడవు రెండున్నర అడుగులు. తల టెంటుకు అవతలివైపు కొద్దిగా వాలేలా సమ్మెటతో దించాలి, నేలపైన నాలుగంగుళాలకు మించి కనపడకూడదు. తాడు నేలను ఆనుకునే ఉండాలి. ఆరంగుళాల పైన కడితే మేకు గడ్డపారలా మారి తన గుంతను తానే వెడల్పు చేసుకుంటుంది. కట్టాక తాడు నడుమ కాలు పెట్టి ఒళ్లు బరువంతా మోపి ఊపండి. మేకు మొదట్లో మట్టి నెర్రె విచ్చిందంటే ఆ మేకు చాలదు.

అప్పుడు రెండో మేకు కావాలి. మొదటి మేకుకు వెనకాల, అదే వరసలో, అడుగున్నర నుంచి రెండడుగుల దూరంలో ఇంకొకటి కొట్టి, ముందు మేకు తలను వెనక మేకు మొదలుకు బిగించండి. నల్లరేగడిలో ఇది తప్పనిసరి. ఎండినప్పుడు రాయిలా ఉండే ఆ నేల తడవగానే మేకును వదిలేస్తుంది, గాలీ వానా వచ్చేది ఒకేసారి కదా. ఇసుక నేలలో మేకు మీద ఆశ పెట్టుకోవద్దు. రెండున్నర అడుగుల గుంత తీసి, మూడడుగుల సరుగుడు దుంగను తాడు లాగే దిక్కుకు అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకు తాడు కట్టి, నీళ్లు పోస్తూ తొక్కి పూడ్చాలి.

సీసీ రోడ్డు మీద బరువులే దిక్కు, కానీ అవి మనం అనుకున్నంత పట్టవు. నిండా నీళ్లున్న 200 లీటర్ల డ్రమ్ము 200 కిలోలు. తాడు ఏటవాలుగా లాగినప్పుడు ఆ లాగు దాన్ని పైకీ తేలుస్తుంది, పక్కకూ జరుపుతుంది. అందుకే 80, 90 కిలోల లాగుకే డ్రమ్ము జరగడం మొదలుపెడుతుంది. గాలి వచ్చే పక్క తాళ్లకు రెండేసి డ్రమ్ములు పెట్టండి. ఇసుక నింపిన సిమెంటు బస్తా 50 కిలోల పైచిలుకు ఉంటుంది, అది కర్ర మొదలు జారకుండా ఆపడానికి మంచిది.

కరెంటు స్తంభానికి తాడు కట్టనే కట్టకండి, స్తంభాన్ని ఏటవాలుగా లాగి పట్టే స్టే వైరుకు కూడా. ఇనప పైపులు ఎత్తేటప్పుడు సర్వీసు వైరు ఎక్కడుందో చూసుకున్నాకే ఎత్తాలి. పిట్టగోడ, సజ్జ, గేటు, మోటారు సైకిలు, ఏవీ నమ్మదగినవి కావు. ఇంటి కాంక్రీటు స్తంభం నమ్మొచ్చు. ట్రాక్టరుకు కట్టొచ్చు, తాళంచెవి మాత్రం మీ జేబులో ఉండాలి.

పక్క పరదాల విషయంలో జరిగే పొరపాటు అన్నిటికన్నా ప్రమాదం. గాలి వచ్చే పక్క తెరిచి మిగతా మూడు పక్కలా మూస్తే టెంటు సంచీ అవుతుంది. దూరిన గాలికి పోయే దారి లేక కప్పును ఎత్తేస్తుంది. గాలి పెరుగుతుంటే ముందు ఎదురు పరదా, అంటే గాలి బయటికి పోవాల్సిన వైపుది, తీసేయండి. ఆ తర్వాత మిగతావి కూడా తీసేస్తే మేలు.

వానకు నడుమ కర్రలు అంచు కర్రలకన్నా కనీసం 3 అడుగులు ఎత్తుండాలి. పదడుగుల చదరంలో అంగుళం నీరు నిలిచినా 230 కిలోలు దాటుతుంది. నీటి సంచీ కనపడితే కర్ర కొనకు గుడ్డ చుట్టి కిందనుంచి మెల్లగా ఎత్తి పారబోయండి. వట్టి కర్రతో పొడిస్తే చిరుగుతుంది.

ఇంత చేసినా, ఒక హద్దు దాటాక దించేయడమే పని. చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తున్నాయంటే గాలి 40 దాటిందని అర్థం. దానికి ముందే గుర్తులుంటాయి: ఉక్కపోత మధ్య చల్లగాలి విసురు, దూరాన లేచే దుమ్ము, అడుగు నల్లబడిన మబ్బు. ఫోన్‌లో దామిని యాప్ ఉంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి తెలుస్తుంది. భోజనాలు సగంలో ఉన్నా సరే జనాన్ని పక్కా ఇంట్లోకి పంపండి. వంట దగ్గర గ్యాస్ కట్టేయండి. పరదాలు ఇంకా ఉంటే విప్పండి. ఆ తర్వాత గాలి వచ్చే వైపు కర్రలు ముందు పడుకోబెట్టాలి, అప్పుడు అంచు నేలకానుతుంది, గాలి మీదినుంచి పోతుంది. అవతలి వైపు ముందు విప్పితే గుడ్డ తెరచాపలా నిలబడుతుంది. తాడును చేతికి చుట్టుకుని పట్టుకోకండి, పిల్లల చేత కర్రలు పట్టించకండి.

గాలి ఆగాక మళ్లీ ఎత్తేముందు ప్రతి మేకునూ కాలితో తట్టి చూడండి. కదిలినదాన్ని అదే గుంతలో కొట్టకుండా అడుగు పక్కన కొత్తగా దించండి. టెంటు విప్పేటప్పుడు కొట్టిన మేకులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. గడ్డిలో ఒక్కటి మిగిలినా మర్నాడు అక్కడ ఆడే పిల్లల కాళ్లలో దిగుతుంది.