ఇంట్లో బిగించిన కిట్ కారు: స్టీరింగ్, వీల్ అలైన్‌మెంట్ సరిచేయడం ఎలా?

1957లో బ్రిటన్‌లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకునేవారు. అలా కొంటే పన్ను కలిసొచ్చేది. ఆ నమూనాలో ఫ్రేమ్ సొంతంగా వెల్డింగ్ చేసుకుని, ఫోర్డ్ ఎస్కార్ట్ కారు స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ), ఫోర్డ్ కార్టినా ముందు హబ్‌లు (చక్రాలు బిగించే భాగాలు) తెచ్చి కార్లు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఒక్కో భాగం ఒక్కో కారుది, పైగా అవన్నీ ఇంతకంటే బాగా బరువైన కార్ల కోసం చేసినవి. అలైన్‌మెంట్ షాపులోని కంప్యూటర్‌కు మీ కారు ఏమిటో తెలియదు. అది కొలుస్తుంది, అంతే. ఎంత పెట్టాలో మీరే చెప్పాలి.

కారు పక్కకు లాగుతోందనగానే చాలామంది స్పానర్ తీసుకుని టై రాడ్ (ర్యాక్‌ను ముందు చక్రానికి కలిపే కడ్డీ) తిప్పేస్తారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని.

ముందు ఇవి చూడండి

రెండు ముందు టైర్లలో గాలి సమానంగా పెట్టండి. ఆ తర్వాత కూడా లాగుతుంటే ఆ రెండు టైర్లనూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగుడు దిశ మారితే తప్పు టైరుది. జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే బ్రేక్ పట్టేసి ఉందో లేదో తెలుస్తుంది. చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్‌ను, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే బేరింగ్‌ను, బాల్ జాయింట్లను అనుమానించాలి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మరొకరు ర్యాక్ క్లాంపులను గమనించాలి. ర్యాక్ ఒక్క మిల్లీమీటరు కదులుతున్నా మిగతా కొలతలన్నీ దండగే.

స్టీరింగ్ ఒక చోట తేలిగ్గా, ఇంకో చోట బరువుగా తిరుగుతుంటే స్టీరింగ్‌ను ర్యాక్‌కు కలిపే మధ్య షాఫ్ట్ రెండు చివర్ల యూనివర్సల్ జాయింట్ల ఫోర్కులు ఒకే వరసలో ఉన్నాయేమో చూడండి. సస్పెన్షన్ ఆర్మ్‌ల (చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చేతులు) రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు వేలాడుతుండగా బిగించి ఉంటే వదులు చేసి, కారు నేలమీద నిలిచాక మళ్లీ బిగించండి.

కారును నిలబెట్టడం

నేల మట్టాన్ని మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో చూసుకోవచ్చు. ముందు చక్రాల కింద రెండేసి నున్నటి టైల్స్, వాటి మధ్య గ్రీజు పెడితే చక్రం బిగుసుకోకుండా తిరుగుతుంది. డ్రైవర్ సీట్లో మీ బరువుకు సరిపడా బియ్యం బస్తాలు వేయండి. ఇంత తేలికైన కారులో మనిషి కూర్చుంటే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే కోణాలూ మారతాయి.

స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, సగం దగ్గర ఆపండి. ర్యాక్‌కు మధ్య అదే. అక్కడ స్టీరింగ్ వంకరగా కనిపిస్తే దాన్ని ఊడదీసి తిన్నగా పెట్టుకోవాలి తప్ప టై రాడ్లతో సర్దకూడదు.

క్యాస్టర్, క్యాంబర్, ఆ తర్వాతే టో

పక్క నుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే ఇరుసు గీత వెనక్కి వాలిన కోణం క్యాస్టర్. ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం క్యాంబర్, మైనస్ అంటే పై అంచు లోపలికి వాలినట్టు. పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం టో. మీ కిట్ మాన్యువల్‌లో అంకెలు ఉంటే అవే పాటించండి. లేకపోతే క్యాస్టర్ 5 డిగ్రీలు, క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ, టో సున్నా నుంచి 2 మి.మీ. లోపలికి పెట్టి మొదలుపెట్టొచ్చు. ముందు భాగం తేలిక కాబట్టి ఈ కార్లలో మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు. బ్రిటన్‌లో రోడ్డెక్కే ముందు జరిగే ఐవీఏ పరీక్షలో ఇది కూడా చూస్తారు. దీనికి మందు క్యాస్టర్. పై ఆర్మ్ బుష్‌ల దగ్గరున్న వాషర్లను వెనక వైపు నుంచి ముందుకు మారిస్తే ఆర్మ్ వెనక్కి జరిగి క్యాస్టర్ పెరుగుతుంది.

క్యాస్టర్ కొలవడానికి చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి, తర్వాత 20 డిగ్రీలు లోపలికి తిప్పి, రెండుసార్లూ క్యాంబర్ చూడండి. తేడాను ఒకటిన్నరతో గుణిస్తే దాదాపుగా క్యాస్టర్ వస్తుంది. క్యాంబర్‌కు మేస్త్రీలు దారానికి వేలాడదీసే తూకం గుండు చాలు. 13 అంగుళాల రిమ్ మీద పై అంచుకు, కింది అంచుకు 6 మి.మీ. తేడా ఉంటే దాదాపు 1 డిగ్రీ.

టో కోసం కారు ముందూ వెనకా ఒకే పొడవున్న రెండు పైపులు పెట్టి, వాటి చివర్లకు రెండు పక్కలా దారం కట్టండి. ముందు హబ్‌లకు కుడి ఎడమ దూరాలు సమానంగా, వెనక హబ్‌లకూ అలాగే వచ్చేలా పైపులు జరపండి. దారం నుంచి రిమ్ ముందు అంచు దూరం వెనక అంచు దూరం కంటే ఎక్కువైతే టో లోపలికి ఉన్నట్టు. వెనక చక్రాలనూ కొలవడం మరవద్దు. వెనక యాక్సిల్ వంకరగా ఉంటే ముందు ఎంత సర్దినా కారు పీతలా నడుస్తుంది. అప్పుడు వెనక యాక్సిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్‌ల పొడవు సరిచేయాలి.

గుంతలో పడగానే పక్కకు దూకుతుంటే

చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు టో తనంతట తాను మారడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. ఏ అలైన్‌మెంట్ షాపులోనూ ఇది తేలదు, ఎందుకంటే అక్కడ చక్రం పైకీ కిందికీ కదలదు. స్ప్రింగ్ తీసేసి, హబ్‌కు ఒక చదునైన ప్లైవుడ్ ముక్క బిగించండి. దాని పక్కన కదలని చెక్క ఒకటి నిలబెట్టండి. జాకీతో హబ్‌ను మామూలు ఎత్తు నుంచి 50 మి.మీ. పైకి, 50 మి.మీ. కిందికి, 10 మి.మీ. చొప్పున జరుపుతూ రెండు చెక్కల మధ్య ముందు సందు, వెనక సందు రాసుకోండి. ఆ రెండింటి తేడా మారకపోతే బంప్ స్టీర్ లేదు.

పైకి వెళ్తే ఒక దిశకు, కిందికి వస్తే రెండో దిశకు టో మారుతుంటే ర్యాక్ ఎత్తు తప్పు. ర్యాక్ కింద రెండు వైపులా సమానంగా 1 మి.మీ. షిమ్ (పలుచని రేకు) వేసి మళ్లీ కొలవండి. తేడా తగ్గితే అదే దారిలో వెళ్లండి, పెరిగితే ర్యాక్‌ను కిందికి దించాలి. పైకీ కిందికీ ఒకే దిశకు మారుతుంటే టై రాడ్ పొడవు ఈ ఆర్మ్‌లకు కుదరలేదన్నమాట. షిమ్‌లతో అది పోదు, పొడవు సరిపోయే ర్యాక్ వెతుక్కోవాలి. ముందు నుంచి చూస్తే ర్యాక్ చివరి బాల్ జాయింట్ పై ఆర్మ్, కింది ఆర్మ్ లోపలి బోల్టులను కలిపే గీత మీద పడాలి. కాలేజీలో బాజా పోటీకి (విద్యార్థులు సొంతంగా బగ్గీ కట్టి పాల్గొనే పోటీ) మారుతి 800 ర్యాక్‌తో బగ్గీ కట్టేవాళ్లు కూడా వెల్డింగ్‌కు ముందే ఈ గీత గీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

బిగించాక

టో కోసం రెండు టై రాడ్లనూ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. టై రాడ్ మర, రాడ్ మందానికి కనీసం ఒకటిన్నర రెట్ల పొడవు మేర టై రాడ్ ఎండ్‌లో బిగిసి ఉండాలి. రాడ్ కదలకుండా పట్టి ఉంచే చెక్ నట్లు బిగించి, నట్టు మీదుగా రాడ్ మీదికి పెయింట్‌తో గీత గీయండి. ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి, ఆ తర్వాత 50 కిలోమీటర్లు తిరిగొచ్చి గీతలు చూడండి. ఏ గీతైనా విడిపోయి కనిపిస్తే ఆ నట్టు బిగించి, టో మళ్లీ కొలవాలి.