మనవడి ఫుట్‌బాల్ చూడటం ఎలా: పరుగా, పాసా?

టెక్సస్‌లో శుక్రవారం రాత్రి ఏడింటికి స్కూలు ఫుట్‌బాల్ (మన కాలిబంతి కాదు, ఎక్కువగా చేత్తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) మొదలైతే తిరుపతిలో మనకు శనివారం తెల్లవారి 5.30. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక 6.30. ఆ వేళకు కాఫీ కలుపుకుని, ఫోన్ టీవీకి తగిలించి కూర్చుంటాం నేనూ మా ఆవిడా. మా కొర్లగుంటలో ఇట్లా మనవళ్ల ఆట చూసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "ఒక్క ముక్క అర్థం కాదు సార్" అని నన్నడిగేవాళ్ల కోసం ఇది. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పిల్లకాయలకు కబడ్డీ నేర్పి రిటైరైనవాణ్ణి. ఆ లెక్కలోనే చెబుతా.

బంతి ఉన్న టీము నాలుగు ఛాన్సుల్లో 10 గజాలు ముందుకు పోవాలి. కబడ్డీ కోర్టు వెడల్పు కన్నా కాస్త తక్కువ దూరమే. ఈ ఛాన్సును డౌన్ అంటారు. పది గజాలూ పోతే మళ్లీ నాలుగు డౌన్లు. పోయే దారులు రెండు: బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, లేదా ముందుకు విసరడం, అదే పాస్. 1906 దాకా అట్లా విసరడానికి రూల్సే ఒప్పుకోలేదు.

బంతిని చూడొద్దు. మొదటి నెలంతా నేను బంతినే చూసి మోసపోయా. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ పక్కవాడి పొట్టకు బంతి ఆనించినట్టే ఆనించి వెనక్కి లాక్కుంటాడు. నేను ఆ ఖాళీ చేతులవాడి వెంట పడుతుంటే బంతి ఎక్కడో గాల్లో ఉండేది. దీన్నే ప్లే యాక్షన్ అంటారు.

మధ్యలో అయిదుగురు లావుపాటి పిల్లలు వరసగా వంగి ఉంటారు, జెర్సీ నంబర్లు 50 నుంచి 79 లోపు. కళ్లు వాళ్ల మీద పెట్టండి. మా వాడు వాళ్లలో ఒకడు, రైట్ గార్డ్, అంటే నడిమివాడికి కుడిపక్కవాడు. సీజనంతా ఆడినా బంతి ముట్టుకోడు పాపం. బంతి కదలగానే వాళ్లు తల దించి ముందుకు దూకితే పరుగు. లేచి నిలబడి, రొమ్ము ముందు చేతులు పెట్టుకుని వెనక్కి అడుగులేస్తే పాస్. ఆట మొదలైన గీత దాటి ముందుకు వేసే పాస్‌లో, బంతి విసరకముందే వాళ్లు ఆ గీతకు 3 గజాలు దాటి పోతే టెక్సస్ స్కూళ్లలో ఫౌల్. అందుకే క్వార్టర్‌బ్యాక్ ఎంత నటించినా వీళ్లు ఎక్కువసేపు నటించలేరు.

అక్కడికి పోయినప్పుడు ప్రాక్టీసులో గీత పక్కనే కూర్చుని చూశా. పరుగుకైతే మా వాడి బరువంతా నేలకు ఆనించిన వేళ్ల మీదే ఉండేది, గోళ్ల కింద రక్తం పోయి తెల్లబడేవి. పాస్‌కు అదే చెయ్యి గడ్డిని ఊరికే తాకి ఉండేది. రాత్రి అన్నం తింటూ ఈ మాట చెబితే వాడు కంగారుపడి, "తాతా, బయట ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. తిరుపతిలో చెబితే ఏమవుతుందిలే.

డౌన్ కూడా కొంత చెబుతుంది. మూడో డౌన్‌లో గజం మిగిలితే జాస్తిగా పరుగే, ఎనిమిది మిగిలితే పాసే. ఇక గడియారం. పాస్ కింద పడితే ఆగుతుంది, పరుగెత్తినవాడు మైదానం లోపలే పడితే మామూలుగా నడుస్తూ ఉంటుంది. ఆధిక్యంలో ఉన్న టీము ఆఖర్లో పరుగు మీద పరుగు పెట్టేది అందుకే. కబడ్డీలో నాలుగు పాయింట్లు ముందున్న రైడర్ ముప్పై సెకన్లూ కూత పెట్టి ఊరికే తిరిగి వస్తాడే, అట్లా.

నన్నడిగితే స్కూలు టీముకు పరుగే మేలు. పాస్ విసిరితే పట్టుకోవచ్చు, జారిపోవచ్చు, అవతలివాడు లాక్కోవచ్చు. మూడింట్లో రెండు నష్టమేనని అక్కడి పాతకాలం కోచ్‌ల మాట. పైగా మంచి చెయ్యి ఉన్న క్వార్టర్‌బ్యాక్ దొరికినా చదువైపోతే వెళ్లిపోతాడు. కలిసి తోసే అయిదుగురిని మాత్రం ఏటా తయారు చేసుకోవచ్చు. మా వాడి కోచ్ దీనికి ఒప్పుకోడు. ఎదుటి లైన్ (ముందు వరస) బలంగా ఉంటే చిన్న పిల్లలతో తోయించి లాభం లేదు, ఆటగాళ్లను మైదానం వెడల్పంతా పరిచి విసరాల్సిందే అంటాడు. ఆ మాటా కొట్టిపారేయలేను, వాళ్ల లైన్‌లో మా వాడొక్కడే కండ ఉన్నవాడు.

మా ఆవిడకు డౌన్లు తెలియవు, గజాలు తెలియవు. ఆమె చూసేది మనవణ్ణే. "లేచినాడు" అంటే పాస్, "దూకినాడు" అంటే పరుగు. కామెంటరీ కన్నా ముందే చెప్పేస్తుంది. పోయిన వారం ఒక్కసారే తప్పింది. అప్పుడు మా వాడు జారి పడ్డాడు.