చిన్న విడిది ఇల్లు – నాలుగో పాఠం: పడమటి కిటికీ

ఇరవై నాలుగడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు గల ఒంటిగది ఇంటికి కిటికీలను మీ ఇష్టప్రకారం గుర్తించమని గత పాఠంలో చెప్పి వదిలేయడం నా పొరపాటే. మీరు పంపిన ప్లానుల్లో ఎక్కువ వాటిలో పడమటి గోడ మొత్తం అద్దమే. వికారాబాదు అనంతగిరి కొండల వెనక సూర్యాస్తమయాన్ని మంచం మీంచే చూడాలన్న కోరిక సహజమే కానీ, ఆ ఇంట్లో ఏప్రిల్ నెలలో ఎవరూ నిద్రపోలేరు. అందువల్ల ఈసారి చెప్పవలసిన పెంకుల కప్పును వాయిదా వేస్తున్నాను.

దక్షిణపు కిటికీతో పేచీ లేదు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక, రెండడుగుల సజ్జ నాలుగడుగుల కిటికీలో పై సగానికి కాస్త ఎక్కువగా నీడనిచ్చి, కిందినుంచి వెచ్చని ఎండను రానిస్తుంది. మార్చి చివరికి మధ్యాహ్నపు ఎండను పూర్తిగా ఆపుతుంది. మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఉత్తరానికీ అడుగున్నర సజ్జ వేయండి.

పడమటికి ఈ లెక్క పనిచేయదు. ఏప్రిల్ చివర్లో సాయంత్రం ఐదింటికి అడుగు పుల్లను నిలబెడితే నీడ రెండున్నర అడుగులు పడుతుంది. అంటే అడుగు ఎత్తు గోడకు నీడ కావాలంటే రెండున్నర అడుగుల కప్పు ముందుకు రావాలి. రెండడుగుల సజ్జ కాపాడేది పది అంగుళాలను మాత్రమే; నాలుగడుగుల కిటికీకి పదడుగుల వసారా కావాలి.

"లోపల మందపాటి కర్టెన్ వేస్తాం" అని చాలామంది రాశారు. ఈ మాట వింటే నాకు విసుగు వస్తుంది. ఎండ అద్దం దాటి వచ్చి కర్టెన్‌ను కాలుస్తుంది, కాలిన కర్టెన్ గదిని కాలుస్తుంది, ఆ వేడి అద్దంలోంచి తిరిగి సులువుగా బయటికి పోదు. ఎండను అద్దానికి బయటే ఆపాలి: వెదురు తడిక, వట్టివేళ్ల చాప, చెక్క రెక్కల తలుపు, వేపచెట్టు, ఏదైనా సరే. అయితే విడిది ఇంటికి మరో చిక్కుంది. వారమంతా తాళం వేసి ఉండే ఇంట్లో మధ్యాహ్నం తడిక దించడానికి మనిషి ఉండడు. పద్దెనిమిది అంగుళాల రాతిగోడ ఆరు రోజులు ఎండను తాగి, మీరు చేరే శనివారం రాత్రికి దాన్ని వెనక్కి కక్కుతుంది. నేను మొదట కట్టించిన ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి పడమటి గోడకు అరచేయి ఆనిస్తే, అప్పుడే దించిన అన్నం గిన్నెను తాకినట్టు ఉండేది. అందుకే మనిషి లేకున్నా పనిచేసే నీడనే నమ్మండి.

నా పద్ధతి మొరటుగా ఉంటుంది: స్నానాల గది, సామాన్ల కొట్టు పడమటికి నెట్టేస్తాను, సూర్యాస్తమయాన్ని బయటి అరుగుకు వదిలేస్తాను. అరుగు మీద తాండూరు బండను పాలిష్ పెట్టకుండానే పరుస్తాను. పాలిష్ పెడితే సాయంకాలపు ఎండ దాని మీద పడి లోపల కూర్చున్నవారి కళ్లలో కొడుతుంది. వెలుతురు తగ్గుతుందన్న భయం ఉంటే కిటికీ పెంచకండి, దాని పక్క గోడల లోపలి మందానికి తెల్లసున్నం వేయండి. మీలో ముడి రాతినీ కడప నల్లబండనూ ప్లానులో లోపల వాడిన ఇద్దరూ మాత్రం ఎన్ని కిటికీలు పెట్టినా గుహలోనే కూర్చుంటారు.

అభ్యాసం: స్థలంలోనే ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటగంటకూ అడుగు పుల్ల నీడ పొడవునూ దిశనూ ప్లాను మీదే గుర్తించండి. తర్వాత అడుగుకు అర అంగుళం కొలతతో అట్టముక్కలతో ఇల్లు చేసి, నిజమైన దిక్కులకే తిప్పి అక్కడే పెట్టి, ఐదింటికి పడమటి కిటికీలోంచి ఎండ మంచం మీద ఎక్కడిదాకా పాకిందో పెన్సిలుతో గీయండి. ఆ గీత లేని ప్లానును ఈసారి చూడను.